కాపీ పేస్టు సినిమాలో కనుబొమల హీరో

చెత్త సినిమాలు చూడ్డం నాకున్న దురలవాట్లలో ఒకటి. అర్ధరాత్రి రిలీజ్ పెట్టుకుని బిల్డ్ అయ్యేదాకా మేలుకోవాల్సొస్తే నాకు ఇవే దిక్కు. మొన్న అలాగే 'సైలెంట్ నైట్, డెడ్లీ నైట్ పార్ట్ 2' (1987) మళ్ళీ చూశాను. ఎన్నోసారో అడక్కండి :-)

తెలియనివాళ్ళకి కాస్త కథ. మొదటి భాగం 1984లో వచ్చింది. అందులో హంతకుడు శాంతాక్లాజ్ వేషంలో తిరుగుతాడు. టీవీలో ఆ ప్రకటన చూసి పిల్లలు జడుసుకుంటున్నారని అమెరికాలో తల్లిదండ్రులు గొడవ చేస్తే, సినిమాని థియేటర్లలోంచి తీసేశారు. తర్వాత నిర్మాతలకి ఓ బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది. పాత సినిమానే అటూ ఇటూ కత్తిరించి అతికించి సీక్వెల్ అని అమ్మేస్తే పోలా? ఆ పని లీ హ్యారీ అనే ఎడిటర్‌కి అప్పజెప్పారు. ఆయన వాళ్ళని ఒప్పించి కొంచెం డబ్బు, ఓ పది రోజుల షూటింగ్ సంపాదించుకున్నాడు.

గంటన్నర సినిమాలో దాదాపు నలభై నిమిషాలు పాత సరుకే. పిచ్చాసుపత్రిలో రికీ అనేవాడు డాక్టరుకి వాళ్ళన్న బిల్లీ కథ చెప్తుంటాడు, మనం పాత రీళ్ళు చూస్తుంటాం. అమ్మానాన్నలు చచ్చిపోయేనాటికి వీడు పసిగుడ్డు. అయినా అన్నీ గుర్తే, తను లేనిచోట జరిగినవి కూడా! ఇంకా చోద్యం ఏంటంటే, రికీ గర్ల్‌ఫ్రెండ్‌తో సినిమాకెళ్తే అక్కడ తెరమీద ఆడేది కూడా ఆ మొదటి భాగమే. మరి అన్న జీవితం వాడికి జ్ఞాపకమా, సినిమానా? బేస్ కండిషన్ లేని రికర్షన్ అంటే ఇదే.

కానీ జనం నవ్వేది దీనికి కాదు, రికీగా వేసిన ఎరిక్ ఫ్రీమన్‌ని చూసి. మాటమాటకీ కనుబొమలు ఎగరేస్తాడు. చెత్తడబ్బా బయట పెట్టడానికొచ్చిన ఒకాయన్ని చూసి "గార్బేజ్ డే!" అని అరిచి కాల్చేస్తాడు. యూట్యూబ్ వచ్చాక ఆ ఒక్క ముక్క ప్రపంచమంతా తిరిగింది, చెత్త నటన అంటే ఇదీ అని.

నాకా తీర్పు నచ్చదు. సినిమా గొప్పదని నేననను, కాదు కూడా. కానీ ఆ నలభై నిమిషాల గురించి ఎవరూ మాట్లాడరేం? సరుకు నాణ్యతలో అదే మెరుగు కదా! పదిరోజుల హడావిడిలో 'ఎలాగూ చెత్తే కదా' అనుకోకుండా పనిచేసినవాళ్ళు కనబడేది మిగతా సగంలోనే. ఉన్న నాలుగు డబ్బుల్లోనే కారు గాల్లోకి లేచి బోర్లాపడే స్టంటు కూడా పెట్టుకున్నారు. ఫ్రీమన్ పొదుపుగా నటించి ఉంటే ఈ సినిమా ఎవడికి గుర్తుండేది?

ఇంత ఉక్రోషం ఎందుకంటే... చాలా ఏళ్ళ క్రితం మా టీములో కొత్తగా చేరిన కుర్రాడికి ఓ పని ఇచ్చాం. పాత రిపోర్టు మాడ్యూల్ కాపీ చేసి, క్లయింటు పేరు మార్చి ఇచ్చెయ్యడమే. గడువు రెండు వారాలు. వారంలో అయిపోతే, మిగిలిన రోజుల్లో తనంతట తనే ఓ సెర్చ్ స్క్రీన్ కట్టాడు. నారింజ రంగు, ఆకుపచ్చ బటన్లు, పైన పరిగెత్తే అక్షరాలు. రివ్యూలో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. మర్నాటికి ఆ స్క్రీన్ తీసేశాడు. ఆ తర్వాత ఇచ్చిన పని తప్ప ఇంకేదీ చెయ్యలేదు, అలా చేస్తే అప్రైజల్లో మంచి రేటింగే వచ్చింది. ఆ మాడ్యూల్ పేరు నాకిప్పుడు గుర్తులేదు. నారింజ స్క్రీన్ మాత్రం గుర్తుంది, అందులో సెర్చ్ బాగానే పనిచేసేదన్న సంగతీ గుర్తుంది.

అన్నట్టు, ఫ్రీమన్ సినిమాలకి దూరమై ఎక్కడున్నాడో తెలియకపోతే అభిమానులు ఏళ్ళతరబడి వెతికారు. 2010ల్లో దొరికాడు.

చూడాలనుకుంటే మొదటి నలభై నిమిషాలూ నిరభ్యంతరంగా ముందుకి జరిపెయ్యండి. రక్తం పడనివాళ్ళు మాత్రం ఈ ఛాయలకి రావద్దు.