పట్టిక చెప్పని చరిత్ర

విశ్వవిద్యాలయాల ఉత్సవ సంచికలు తిరగవేసే వారికి ఒక పుట బాగా పరిచయం. ఇక్కడ పనిచేసిన మహనీయులని శీర్షిక. దాని కింద పంచాంగంలో తిథుల్లాగా పేర్లు, పేర్ల వెంట బిరుదులు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మాట వస్తే కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్, శేషాద్రి, సూరి భగవంతం అని వరుస సాగుతుంది. ఈ పేర్లతో మనకు పేచీ లేదు. వాటిని చూపించి విద్యార్థుల నోరు మూయించడంతోనే పేచీ.

రామలింగారెడ్డిగారినే తీసుకుందాం. 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి పండితులకు నిద్ర లేకుండా చేసిన మనిషి. 1926లో తొలి వైస్ ఛాన్సలర్. 1930లో బ్రిటిషు ప్రభుత్వ దమననీతికి నిరసనగా రాజీనామా విసిరికొట్టాడు. ఇది చిన్న విషయం కాదు. జీతం రాళ్లకోసం సర్కారు సర్క్యులర్లను కళ్లకద్దుకునే పెద్దలు ఒకటికి రెండుసార్లు చదువుకోవలసిన ఘట్టం. అయితే 1936లో తిరిగివచ్చి 1949దాకా ఆ కుర్చీలో ఉన్న ఆయనే 1942లో అదే ప్రభుత్వంనుంచి ‘సర్’ బిరుదు స్వీకరించాడు. అది దేశంలో జైళ్లు నిండిపోయిన సంవత్సరం. (ఆ ఏడు మీ పక్షం ఎక్కడ నిలిచిందని ఎవరైనా అడగవచ్చు. అడగనివ్వండి, దానికీ మనం జవాబు చెప్పుకోవలసినదే.) పట్టికలో ఈ రెండు రెడ్డిగార్లూ ఒక్క పేరై, ఒక్క పటమై గోడ కెక్కుతారు. రాజీనామా కనబడదు, బిరుదుకు చెల్లించిన వెలా కనబడదు.

ఇక మన మిత్రుల్లో కొందరికి రుచించని మాట ఒకటి. 1934-35లో వాల్తేరులో చరిత్ర, రాజనీతి బోధించిన వారిలో హీరేన్ ముఖర్జీ ఒకరు. అభ్యుదయ రచయితల ఉద్యమంలో తొలినాళ్లనుంచీ ఉన్నవాడు, 1952నుంచి పార్లమెంటులో కమ్యూనిస్టుల గొంతు. ఆయనను పిలిచినవాడు భావవాద తత్త్వవేత్త రాధాకృష్ణన్! భావవాది చేసిన ప్రతి పనీ అభివృద్ధి నిరోధకమే నని ముందే తీర్పు రాసిపెట్టుకున్న వారు ఈ నియామకాన్ని ఏ అరలో సర్దుతారు? తీసిపారేయడం కూడా ఒక రకం పూజే; రెంటిలోనూ చదవనక్కర లేదు, ఆలోచించనక్కర లేదు.

ఆచార్య శేషాద్రి పత్తిపూల రంగుల రసాయనం తేల్చాడు. 1949లో ఢిల్లీ వెళ్లాడు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. పట్టికకు 1960 చాలు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలినప్పుడు పెట్టెలు మోసిన కూలీలు, గాజుసామాను కడిగిన నౌకర్లు, రాత్రింబవళ్లు కొలతలు తీసిన పరిశోధక విద్యార్థులు ఎవరు? విజ్ఞానం ఒక్కడి బుర్రలో మొలవదని తెలిసిన శాస్త్రజ్ఞులే సంచికకు వ్యాసం రాసేటప్పుడు ఆ సంగతి మరిచిపోతారు.

తెలుగువారికోసం 1926లో పుట్టిన సంస్థ ఇది. తెలుగు బిడ్డకు భౌతికశాస్త్రం తెలుగులో చెప్పడానికి ఈ మహనీయుల్లో ఎవరు పూనుకున్నారు, ఎవరు పెదవి విరిచారు? నూరేళ్ల సంచిక వేసే సంపాదకులు ఆ లెక్క తేల్చి, 1930నూ 1942నూ ఒకే పుటలో అచ్చువేయాలి.