సీటు కింద చిలుము

పవర్ సీటు మొండికేస్తే నింద మోటారు మీద పడుతుంది. అండమాన్‌లో అసలు దోషి తరచూ ఉప్పుగాలే

డ్రైవర్ సీటు ముందుకూ వెనక్కూ కదలకపోతే హైదరాబాద్‌లో అది చిరాకు. అండమాన్‌లో బతుకుతెరువుకే చిక్కు. సీటు బాగా వెనక్కి జరిగి అక్కడే బిగుసుకుపోతే పొట్టి డ్రైవర్ కాలు బ్రేకుకు సరిగా అందదు. ఆ స్థితిలో పర్యాటకులను ఎక్కించుకుని అండమాన్ ట్రంక్ రోడ్డు ఎక్కడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. పోనీ సీటు మార్చేద్దామంటే, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు చెన్నై నుంచైనా, విశాఖ నుంచైనా సముద్రం మీద సుమారు 1,200 కి.మీ. దూరం. విడిభాగం ఓడెక్కి వచ్చేదాకా బండి షెడ్డులోనే.

అందుకే అక్కడ రోగం తెలియకుండా మందు వేయడం ఖరీదైన వ్యవహారం. ఏడాదికి దాదాపు 3,000 మి.మీ. వాన, ఏడాది పొడవునా గాలిలో తేమ, ఆ తేమలో ఉప్పు. ఉప్పు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. తడి చెప్పులతో వచ్చిన నీరు, తలుపు రబ్బరు సందుల్లోంచి కారిన వాన కార్పెట్ కిందికి చేరతాయి. సరిగ్గా అక్కడే సీటు వైర్ల కనెక్టర్లు ఉంటాయి. రాగికి పచ్చటి చిలుము, ఇనుముకు తుప్పు పడతాయి. పైకి వైరు నిక్షేపంలా కనిపిస్తుంది. లోపల కరెంటు దారి మూసుకుపోతుంది.

మంచి ఎలక్ట్రీషియన్ ముందు చెవిని నమ్ముతాడు. స్విచ్ నొక్కితే మోటారు తిరిగే చప్పుడు వచ్చి సీటు కదలకపోతే తప్పు కరెంటుది కాదు, గేరుదో కేబుల్‌దో. చప్పుడే లేకపోతే కారు లోపలి దీపం వేసి మళ్లీ స్విచ్ నొక్కాలి. దీపం మసకబారితే మోటారుకు కరెంటు అందుతోంది, అది ఎక్కడో ఇరుక్కుందని అర్థం. పట్టాల మధ్య జారిపడిన నాణెం కూడా అందుకు చాలు. దీపంలో మార్పే లేకపోతే దారి ఎక్కడో తెగినట్టు.

తర్వాతి ప్రశ్న: సీటు అన్ని వైపులా ఆగిందా, ఒక్క వైపేనా? సీటు పైకీ కిందకీ లేస్తూ ముందుకు మాత్రం జరగకపోతే ఫ్యూజు బాగున్నట్టే. స్విచ్‌నో, ఆ ఒక్క మోటారునో, దాని వైర్లనో అనుమానించాలి. అన్నీ ఒకేసారి ఆగితే ఫ్యూజు, ఉమ్మడి సరఫరా వైరు, ఎర్త్ చూడాలి. ద్వీపాల్లో ఎక్కువ అనుమానించాల్సింది ఈ చివరిదాన్నే.

మీటరు మోసం చేసేదీ ఇక్కడే. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే 12 వోల్టులు చూపిస్తుంది. చిలుము పట్టిన దారిలోనూ లోడు లేనప్పుడు వోల్టేజీ నిండుగానే కనిపిస్తుంది. అందుకే అన్నీ తగిలించి, స్విచ్ నొక్కి పట్టి కొలవాలి. మోటారు ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య 0.2 వోల్టు మించి కనిపిస్తే ఎర్త్ చెడినట్టే. అలాంటప్పుడు వేలు పోసి మోటారు మార్చినా సీటు కదలదు. బోల్టు విప్పి తుప్పు గీకి బిగిస్తే కదులుతుంది. కనెక్టర్ పిన్నులను మాత్రం గరుకు కాగితంతో రుద్దకూడదు. పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, డైఎలక్ట్రిక్ గ్రీజు రాయడమే మేలు.

చేయకూడనివి రెండున్నాయి. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేస్తే కాలేది వైరు. దాని పైన ఉండేది స్పాంజి, ఆ పైన మనిషి. రెండోది, సీటు కింద పసుపు కనెక్టర్ సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌దీ, సీటు బెల్టుదీ. దానికి టెస్ట్ ల్యాంప్ గానీ, మీటరు గానీ తగిలించకూడదు. సీటు విప్పే ముందు బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగాల్సిందే.

ఇంత తెలిసినా కొత్త కార్ల దగ్గర షెడ్డు మెకానిక్ చేతులు కట్టుబడతాయి. సీటు స్థానాన్ని గుర్తుంచుకునే మాడ్యూల్ ఉంటే స్కానరూ, వైరింగ్ పటమూ కావాలి. అవి బయటి మెకానిక్‌లకు అందకుండా చేస్తున్నారంటూ 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా విధించింది. జరిమానా మొత్తంపై అప్పీళ్లు నడిచినా ఆ తీర్పు లేవనెత్తిన ప్రశ్న చావలేదు. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు కోసం కమిటీ వేసి, అదే ఏడాది ప్రారంభించిన పోర్టల్‌లో కార్లనూ చేర్చింది.

ద్వీపాలకు ఈ హక్కు విలువ రెట్టింపు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక పటం క్షణాల్లో దిగుతుంది. విడిభాగం మాత్రం ఇప్పటికీ సముద్రం దాటి రావాల్సిందే. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల్లో 13 శాతం పైచిలుకు జనం మాతృభాష తెలుగు. కాబట్టి అక్కడి బండి యజమాని తెలుగులోనే ఒక మాట అడగొచ్చు: సీటు మొత్తం మార్చాలన్నప్పుడు, ఎర్త్‌ను లోడు మీద కొలిచారా? కొలిచి ఉంటే ఆ అంకెను బిల్లు మీద రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.