కంచె మాయమైతే అడవి అయిపోతుందా?

జూకి వెళ్లొచ్చిన ఎవరి ఫోన్ గ్యాలరీ అయినా తీసి చూడండి. మీదైనా సరే. ఇనుప జాలీ మాత్రం బ్రహ్మాండంగా వచ్చి ఉంటుంది. ఒక్కో తీగ, దాని మీద తుప్పు మరకలతో సహా లెక్కపెట్టుకోవచ్చు. వెనకాల పసుపు రంగులో ఏదో మసక. "అది చిరుత" అని పక్కనుండి మనమే చెప్పాలి.

ఫోన్‌ని తిట్టుకోవద్దు. దానికి చిరుత అంటే ఏంటో, జాలీ అంటే ఏంటో పెద్దగా పట్టదు. దగ్గరగా, గీతలు గీతలుగా, స్పష్టంగా ఏది కనపడితే ఫోకస్ దాని మీదికే పోతుంది. జాలీ కంటే గీతలు గీతలుగా ఉండేది ఇంకేముంది చెప్పండి?

వారమంతా కోడ్ రాసుకుని, వీలైన ఆదివారం బహదూర్‌పురాలో ఉన్న నెహ్రూ జూపార్కుకి పోవడం నాకు రెండేళ్లుగా అలవాటు. 1963లో జనానికి తెరిచిన పార్కు అది. దాదాపు 380 ఎకరాలు. అంతా తిరిగితే కాళ్లు పడిపోతాయి, ఒక్క మంచి ఫొటో కూడా రాదు. నేను నేర్చుకున్న మొదటి సంగతే అది. మిగతావి ఒక్కొక్కటిగా చెప్తా.

ముందు జాలీ సంగతి. ఇప్పుడే ఒక కన్ను మూసి, చూపుడువేలు రెండో కంటికి బాగా దగ్గరగా పెట్టి, దూరంగా ఉన్న గోడ మీది గడియారాన్ని చూడండి. వేలు పల్చటి పొగలాగా అయిపోతుంది. దాని వెనకున్నది కూడా కొంచెం కనపడుతుంది. జాలీని మాయం చేసే మంత్రం ఇంతే. లెన్స్ జాలీకి వీలైనంత దగ్గరగా ఉండాలి, జంతువు జాలీకి వీలైనంత దూరంగా ఉండాలి. చిరుత జాలీకి ఆనుకుని పడుకుంటే ఏ మంత్రమూ పనిచేయదు, అది లేచి వెనక్కి పోయేదాకా ఆగడమే. కెమెరా ఉంటే జూమ్ పూర్తిగా లాగి, అపర్చర్ పూర్తిగా తెరవండి. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మామూలు కెమెరా, 70-300 లెన్స్. ఎఫ్ 5.6కే సన్న జాలీ కరిగిపోతుంది. ఇంకో కిటుకు, జాలీలో నీడ పడిన భాగం వెతుక్కోండి. ఎండపడి మెరిసే తీగ ఎంత మసకబారినా ఫొటో మొత్తాన్ని తెల్లగా పాలిపోయేలా చేస్తుంది.

ఫోన్‌లో తీసేవాళ్లకి ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, చాలా ఫోన్లు దగ్గరగా ఏదైనా కనపడగానే మనల్ని అడక్కుండా మాక్రో మోడ్‌లోకి దూకుతాయి. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయండి. రెండోది పోర్ట్రెయిట్ మోడ్. అది నిజంగా బ్లర్ చేయదు, ఏది ముందుందో ఏది వెనకుందో లెక్కేసి సాఫ్ట్‌వేర్‌తో బ్లర్ పూస్తుంది. మీసాల దగ్గర, జాలీ గళ్ల దగ్గర ఆ లెక్క తప్పుతుంది. సగం చెవి తెగిపోయిన పులి వస్తుంది. మామూలు మోడ్‌లోనే ఉండి, ఫోన్‌లో టెలిఫొటో లెన్స్ ఉంటే దాంతో తీయండి. ఒక గడిలోంచి చూసేలా ఫోన్ లెన్స్ పెట్టగలిగితే అసలు జాలీ గొడవే ఉండదు, గడి కంటే లెన్స్ చిన్నదే కాబట్టి. చీకటిగా ఉంటే మాత్రం మీరు మూడింతల జూమ్ నొక్కినా చాలా ఫోన్లు లోపల మెయిన్ లెన్స్‌తోనే తీసి కత్తిరించి ఇస్తాయి. మసక వచ్చిందంటే కారణం అదే కావచ్చు.

జాలీకి ముందు అడ్డంగా ఇంకో కంచె ఉంటే అది దాటకండి. చెయ్యి చాపినా వద్దు. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఉన్నచోటికి దిగిన మనిషి ప్రాణాలు పోయాయి. ఫొటో రాకపోతే రాకపోయింది.

అద్దం ఉన్నచోట లెన్స్‌ని అద్దానికి ఆనించేయడమే. ముదురు రంగు చొక్కా వేసుకుంటే మన ప్రతిబింబం పడదు. ఫ్లాష్ ఎక్కడా వద్దు. రాత్రి జంతువుల ఇంట్లో అయితే మరీ. అక్కడ పగలు చీకటిగా ఉంచి రాత్రి లైట్లు వేస్తారు, దేవాంగ పిల్లిలాంటివి మనం వచ్చే టైముకి మేలుకుని ఉండాలని. అంత పెద్ద కళ్లలో ఫ్లాష్ కొట్టడం ఏ రకంగానూ బాగుండదు, అందుకే అక్కడ నేను కెమెరా బ్యాగ్‌లోనే ఉంచుతా.

మన జూలో పెద్ద పులులు, సింహాల్లాంటివి చాలావరకు కందకం అవతల ఉంటాయి కాబట్టి జాలీ బాధ తక్కువ. అక్కడ చిక్కంతా వెలుతురుతోనే. తెల్లపులి చెట్టు నీడ ముందు నిలబడితే కెమెరా ఆ చీకటిని చూసి మొత్తాన్ని వెలుగు చేస్తుంది, పులి కాస్తా ఉతికి ఆరేసిన దుప్పటిలా అయిపోతుంది. పులి మీద టచ్ చేసి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి, చారలు తిరిగొస్తాయి. ఎండలో ఉన్న ఎలుగుబంటికి పైకి లాగాలి, లేకపోతే అది బొగ్గు ముద్ద. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. తెల్లపులి కన్ను జూమ్ చేసి చూస్తే కొన్నిటికి మెల్ల ఉంటుంది. ఎందుకా అని వెతికితే ఒక పెద్ద కథ బయటపడింది. తెల్లపులి వేరే జాతి కాదు, మామూలు పులే. రంగు మార్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రావాలి. 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే పిల్ల నుంచే ఇవాళ జూల్లో కనిపించే తెల్లపులుల్లో చాలావరకు వచ్చాయి. అంటే దగ్గర చుట్టాల్లోనే కలుపుకుంటూ వచ్చారు. ఆ జన్యువుతోనే కంటి నరాల దారి కూడా మారుతుంది, మెల్ల అందుకే. ఇది తెలిశాక తెల్లపులి ముందు జనం ఎగబడుతుంటే నాకంత హుషారు రావట్లేదు.

సెట్టింగ్స్ ఇంతే. మిగిలిందంతా ఓపిక. ఒక్క జంతువు దగ్గర ముప్పావుగంట నిలబడండి. జనం సగటున నిలబడేది ఒక రీల్ చూసేంత సేపు. వస్తారు, "ఏయ్, లే! లే!" అని అరుస్తారు, ఈల వేస్తారు, ఒక సెల్ఫీ తీసుకుని పోతారు. "నాన్నా, పులి ఎందుకు లేవట్లేదు?" అని ఒక బుడ్డోడు అడిగితే, "నిన్నింత పొద్దున్నే లేపితే నువ్వు లేస్తావారా?" అన్నాడొకాయన. ఆ నాన్నకి నా దండం. జూలో జంతువుని ఆటపట్టించడం, తిండి వేయడం, అరిచి గోల చేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 38జె సెక్షన్ కింద నేరం. బోర్డు చదివేవాళ్లు తక్కువ, అంతే.

అట్లా నిలబడితే కొత్తది ఒకటి కనపడుతుంది. ఒక చిరుత అదే పనిగా తిరుగుతూ ఉంటుంది. ఈ మూల నుంచి దుంగ దాకా, దుంగ దగ్గర తల ఎడమకి తిప్పి, మళ్లీ ఈ మూలకి. నేను టైమర్ పెట్టా. పదకొండు సెకన్లు. మళ్లీ పదకొండు. అడుగు పడేచోటు కూడా మారట్లేదు, నేల మీద గడ్డి అరిగిపోయి బాట పడింది. ఫొటోగ్రాఫర్‌కి ఇది లాటరీ. దుంగ మీద ఫోకస్ పెట్టి, షటర్ 1/500లో ఉంచి, పది లెక్కపెట్టి నొక్కితే చాలు, మెడ తిప్పి మనవైపే చూస్తున్న చిరుత. నా దగ్గరున్న ఫొటోల్లో అందరికీ నచ్చేది అదే. "అడవి రాణి" అని కామెంట్లు కూడా వచ్చాయి.

కానీ ఆ ఫొటో అంత తేలిగ్గా ఎందుకొచ్చింది? ఆ ప్రాణికి వేరే పని లేకపోవడం వల్ల. అట్లా ఒకే బాటలో తిరగడాన్ని జంతు ప్రవర్తన మీద పనిచేసేవాళ్లు బందిఖానా ఒత్తిడికి గుర్తుగా చూస్తారు. అన్నిసార్లూ అదే అనలేం. అక్కడున్న కీపర్ అన్నని అడిగా. "తిండి టైము దగ్గరపడితే ఇట్లనే తిరుగుతది తమ్మీ. పెట్టినంక పండుకుంటది" అన్నాడు. ఆ రోజు తిండి అయ్యేదాకా ఉన్నా. తిన్నది, పండుకున్నది. ఇంకో వారం పొద్దున్నే పోతే, పొద్దున్నే తిరుగుతోంది. నేను ఏదీ తేల్చలేను. నాకు తెలిసింది ఒక్కటే, అదే జంతువు దగ్గరికి మళ్లీ మళ్లీ పోతే తప్ప ఆ తేడా కంటపడదు. తిండిని దుంగల సందుల్లో దాచిపెట్టడం, కొత్త వాసనలు పెట్టడం లాంటి పద్ధతులు జూల్లో వాడతారు. అట్లాంటిది పెట్టిన రోజు చిరుత బాట తప్పుతుంది, మన ఫోకస్ కూడా తప్పుతుంది. నాకు ఆ రోజు ఫొటోలు చెడిపోతేనే సంతోషం.

ఇప్పుడు అసలు గొడవ. జాలీ మాయం చేయడం వచ్చేసింది, వెనకాల పచ్చగా చెట్లున్నాయి, వెలుతురు బాగుంది. ఆ ఫొటో కింద ఏం రాయాలి? "జూ అని రాస్తే లైకులు రావురా, ఉత్త 'చిరుత' అని పెట్టు, అబద్ధం కాదుగా" అంటాడు మా ఆఫీసులో నా పక్క సీటువాడు. అబద్ధం కాదు నిజమే. 2009లో ప్రపంచంలోనే పేరున్న ఒక వైల్డ్‌లైఫ్ ఫొటో పోటీలో స్పెయిన్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ గెలిచాడు. రాత్రిపూట గేటు మీంచి దూకుతున్న తోడేలు ఫొటో. అది శిక్షణ ఇచ్చిన తోడేలు అయి ఉంటుందని జడ్జీలు తేల్చి, 2010లో ఆ బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆయన మాత్రం కాదనే అన్నాడు. ఫొటో మాత్రం ఇప్పటికీ అద్భుతంగానే ఉంటుంది. దూకిన దూకుడు నిజమే, చూసినవాళ్లు నమ్మిన కథ వేరు.

మన దగ్గర బహుమతుల కంటే వాట్సాప్‌తో భయం ఎక్కువ. కంచె లేని చిరుత ఫొటోకి "మన ఊరి చెరువుగట్టు మీద, జాగ్రత్త" అని ఒక లైన్ తగిలించడం ఎంతసేపు? పొలం కాపలాకి పోయేవాళ్లు ఆ రాత్రి ఇంట్లోనే ఉండిపోతారు, లేదా కర్రలు పట్టుకుని బయల్దేరతారు. అందుకే నేను ఫొటో మూలలో చిన్నగా "జూపార్కు, హైదరాబాద్" అని వేసేస్తా. కత్తిరిస్తే పోతుంది, తెలుసు. అయినా వేస్తా. చిరుత ఫొటో పక్కనే, పదకొండు సెకన్ల ఆ తిరుగుడు వీడియో కూడా పెట్టా. దానికి లైకులు సగం కూడా రాలేదు. కానీ "అది ఎందుకట్లా తిరుగుతోంది?" అని తొమ్మిదిమంది అడిగారు. ఫొటోకి ఒక్కరూ ఏమీ అడగలేదు.

మీరు వెళ్తే చలికాలం పొద్దున్నే, గేటు తీసే టైముకి పోండి. సోమవారం సెలవు. కెమెరాకి విడిగా టికెట్ తీసుకోవాలి. మొదటిరోజు పులి జోలికి పోకుండా నీళ్ల పక్షుల దగ్గర మొదలుపెట్టండి. అవి మెల్లగా కదులుతాయి, చెయ్యి కుదురుకుంటుంది. అక్కడ జూ పక్షులకి పెట్టిన చేపల్లో వాటా కొట్టేయడానికి బయటి కొంగలు కూడా దిగుతుంటాయి. పక్కనే మీర్ ఆలం చెరువు కదా, వాటికి గోడ మీంచి రెండు నిమిషాల దూరం. టికెట్ లేదు, జాలీ లేదు. మొన్న ఒకటి చేప నోట కరుచుకుని ఉండగా మంచి ఫొటో పడింది. దాని కింద "జూపార్కు" అని వేయాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పక్క సీటువాడిని అడిగితే, "ముందు ఆ చేప ఎవరిదో కనుక్కో" అన్నాడు.