కడపట వచ్చువారు

క్రీడోత్సవమున గెలిచినవారి పేర్లు ఈ సంచికయందు వేఱొకచోట అచ్చుపడియున్నవి. వారిని మనసార అభినందించుచున్నాము. అయితే ఆ పట్టికలో పేరు లేనివారిని గూర్చియు నాలుగు మాటలు వ్రాయవలయునని మాకు చాలదినములుగా కోరిక. అందులకు కారణమొకటి కలదు.

గత సంవత్సరము బాలికల 1500 మీటర్ల పరుగునందు ముగ్గురు బహుమతులు గెలుచుకొనిరి. చప్పట్లు మ్రోగెను. ఎండ ముదురుచుండెను; తరువాతి పందెమునకు వేళ మించుచుండెను. గమ్యమునొద్ద కట్టిన తాడు చుట్టివేయుడని మేము బాలురతో చెప్పితిమి. వారు చుట్టిరి. అప్పటికి తొమ్మిదవ తరగతి బాలిక యొకతె యింకను పరుగెత్తుచునే యుండెను. ఆమె కడపటి చుట్టు ముగించి వచ్చుసరికి అచ్చట తాడు లేదు. గడియారము పట్టినవారు లేరు. చూపరుల మొగములు వేఱు దిక్కునకు తిరిగియుండెను. ఎచ్చట నిలువవలయునో తెలియక ఆమె ఒక్క క్షణము తడబడి, ప్రహరిగోడ ప్రక్కనున్న మామిడిచెట్టు నీడకు నడచిపోయెను. ఈ సంవత్సరము ఆమె ఏ పందెమునకును పేరు ఇయ్యలేదు. ఆ తాడు చుట్టించినది మేమే గనుక, తప్పు మాదే.

కడపటివారి కొఱకు వేచియుండుట కాలహరణమని అప్పుడు మేము తలంచితిమి. ఆ తలంపు తప్పని మాకు బోధించినది ఒక పందెపు చరిత్రము. దానిని చదువరులకు విన్నవించెదము.

ఈత, సైకిలు, పరుగు అను మూటిని నడుమ విరామము లేక, ఒకదానివెంట నొకటిగా ముగింపవలసిన పందెమునకు ట్రయాథ్లాన్ అని పేరు. ఇది 2000వ సంవత్సరమున సిడ్నీ నగరమందు ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించెను. అచ్చటి దూరములు ఈత ఒకటిన్నర కిలోమీటరు, సైకిలు 40, పరుగు 10. దీనికంటె మిక్కిలి పెద్దది ఐరన్‌మ్యాన్, అనగా ఇనుపమనిషి, అను దీర్ఘ పందెము. అందు ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. మనవారికి తెలియునట్లు చెప్పవలెనన్న, తెల్లవాఱగనే సముద్రమున ఇంచుమించు నాలుగు కిలోమీటర్లు ఈది, ఒడలి తడి యాఱకమునుపే సైకిలెక్కి నూజివీటినుండి బెజవాడకు రెండుమాఱులు పోయి రెండుమాఱులు మరలివచ్చి, సైకిలు దిగినవెంటనే మరల ఆ బెజవాడ త్రోవనే పట్టి, దాదాపు ఆ పట్టణపు పొలిమేరవఱకు పరుగెత్తినట్లు!

ఈ పందెము పుట్టినది ఒక వాదమునుండి. ఈదువారు బలాఢ్యులా, పరుగెత్తువారు బలాఢ్యులా అని హవాయి ద్వీపములయందు క్రీడాకారులు తర్కించుకొనుచుండగా, అమెరికా నౌకాదళోద్యోగియగు జాన్ కాలిన్స్‌ అను నతడును, ఆయన భార్య జూడీయును, ఆ ద్వీపమున వేర్వేఱుగా జరుగుచుండిన మూడు పందెములను ఒక్కదినమున గుదిగ్రుచ్చిరి. 1978 ఫిబ్రవరి 18వ తేదీని పదునైదుగురు బయలుదేఱిరి, పండ్రెండుగురు ముగించిరి. గార్డన్ హాలర్ అను నతడు 11 గంటల 46 నిమిషములలో మొదటివాడై వచ్చెను. సైకిలు ముగియునప్పటికి ముందున్న జాన్ డన్‌బార్ అను నతనికి పరుగునందు త్రాగునీరు అయిపోగా, వెంటనున్న మిత్రులు బీరు ఇచ్చిరి. అతడు రెండవవాడయ్యెను! మద్యపాన నిషేధమును గూర్చి ఉపన్యసించు మన విద్యార్థులు ఈ దృష్టాంతమును గుర్తుంచుకొందురు గాక.

ఈ పందెమున పాల్గొనువారిలో అధికులు క్రీడలచే జీవించువారు కారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, వైద్యులు, గృహిణులు. పగలు తమ పని చేసికొని, తెల్లవాఱుజామున అభ్యాసము చేయువారు. వీరికి మొదటి బహుమతి రాదని వీరికే తెలియును. వీరి పోటీ గడియారముతో. సాధారణముగ పదునేడు గంటల గడువు ఉండును. ఉదయము ఏడుగంటలకు నీటిలో దిగినవారు అర్ధరాత్రిలోపల గమ్యము చేరినచో ముగించినవారని లెక్క. మధ్యాహ్నమే గెలిచి స్నానభోజనములు చేసిన విజేతలు అర్ధరాత్రివేళ మరల గమ్యమునొద్దకు వచ్చి, కడపటివారికి స్వాగతమిచ్చుట హవాయి పందెమున ఆచారము. ఈ యొక్క సంగతి చదివినప్పుడు మేము చుట్టించిన తాడు మాకు జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడితిమి.

1982 ఫిబ్రవరిలో జరిగిన పందెమున జూలీ మాస్ అను విద్యార్థిని స్త్రీలలో ముందుండి, గమ్యమునకు కొలది దూరమున కాళ్లు పట్టుదప్పి పడిపోయెను. లేచెను, మరల పడెను. ఇంతలో కాథ్లీన్ మకార్ట్‌నీ అను నామె దాటిపోయి గెలిచెను. జూలీ ప్రాకుచు వచ్చి గీత దాటెను. టెలివిజనులో ఆ దృశ్యమును చూచిన జనులు గెలిచినామెకంటె ఎక్కువగా ఆ ప్రాకివచ్చినామెనే జ్ఞాపకముంచుకొనిరి.

మన మిషను పాఠశాలకు ఇంకను దగ్గఱగా తోచునది ఒక కన్యాస్త్రీ చరిత్రము. అమెరికాలోని మడోనా బ్యూడర్ అను నామె 1930లో జన్మించెను. యౌవనమునందే మఠమున ప్రవేశించి, నలువదియేండ్లు దాటిన చాలకాలమునకు, ఒక ఫాదరుగారి ప్రోత్సాహమువలన పరుగు మొదలిడెను. ఏబదియైదేండ్ల ప్రాయమున మొదటి దీర్ఘ పందెమును ముగించెను. ఆమె వయస్సు పెరిగినకొలది ఆ వయస్సు స్త్రీలకై క్రొత్త తరగతులు ఏర్పఱుపవలసివచ్చెను. 2012లో కనడా దేశమున, ఎనుబదిరెండేండ్ల వయస్సున, గడువులోపల పందెము ముగించెను.

తెలుగువారిలోను ఇట్టివారు లేకపోలేదు. సామర్లకోటకు చెందిన గోలి శ్యామలగారు నలువది యేండ్లు దాటిన పిదపనే ఈత నేర్చికొనిరి. 2021 మార్చి నెలలో సింహళములోని తలైమన్నారునుండి ధనుష్కోటివఱకు సుమారు ముప్పది కిలోమీటర్ల సముద్రమును పదుమూడు గంటలకు పైగా ఈదిరి. 2024 డిసెంబరు కడపట విశాఖపట్టణమున దిగి, దినమునకు కొంతదూరము చొప్పున ఈదుచు, జనవరి మొదటివారమున కాకినాడ చేరిరి; ఆ దూరము నూటయేబది కిలోమీటర్లు. బాల్యమున ఏ బహుమతుల పట్టికను చూచి ఇట్టి స్త్రీని ముందుగా గుర్తింపగలము?

ఇట్టి పందెమునకు వట్టి ధైర్యము చాలదు. ఆఱునెలలో, సంవత్సరమో క్రమము తప్పని అభ్యాసము కావలయును. శరీరమున నిలువయుండు పిండిపదార్థపు శక్తి తీవ్రమైన శ్రమకు రెండు మూడు గంటలకంటె చాలదు. కావున సైకిలుపై నుండగనే తినుట నేర్వవలయును. నీరు తక్కువైనను కీడే. ఉప్పు లేక నీరు మితిమీఱి త్రాగినను ప్రాణాపాయమే. సైకిలు దిగినవానికి కాళ్లు తనవి కానట్లు తోచును. అందుచేత సైకిలు వెంటనే పరుగును కలిపి సాధన చేయుదురు. సైకిలుపై గర్వముతో త్వరపడినవాడు పరుగునందు ఆ ఋణమును వడ్డీతో తీర్చవలసివచ్చును. ఇంకొక నియమము విద్యార్థులకు రుచింపవచ్చును. ముందువాని వెనుక చేరి గాలి తప్పించుకొనుచు సైకిలు త్రొక్కుట నిషిద్ధము. పరీక్షయందు ముందు బల్లవాని కాగితము చూచుటవంటిదే యది, శిక్షయు కలదు.

తలిదండ్రులు అడుగవచ్చును: "మా పిల్లలను ఇట్టి సాహసములకు పురికొల్పెదరా?" లేదని స్పష్టముగ చెప్పుచున్నాము. ఇనుపమనిషి పందెమునకు పదునెనిమిదేండ్లు నిండనివారిని చేర్చుకొనరు. మన రైతు అంటుమామిడి నాటి, తొలి మూడేండ్లు పూత వచ్చినను త్రుంచివేయును. పూతపై ద్వేషముచే గాదు, చెట్టు బలియవలయునని. లేతవయస్సున దీర్ఘ పందెములు వలదు. నేర్పువారు లేక చెఱువులందును కాలువలందును దిగుట అంతకంటెను వలదు. అయితే పూత త్రుంచుట వేఱు, చెట్టునే పెఱికివేయుట వేఱు. ఎనిమిదవ తరగతి దాటగనే ఆడపిల్లకు ఆటలేల యనుటయు, పదవ తరగతి వచ్చినది గనుక బాలునికి మైదానమేల యనుటయు చెట్టును పెఱుకుటయే. దినమునకు అఱగంట పరుగు మార్కులను తినివేయదు. కూర్చుండి చదువు ఓర్పును అది పెంచునేగాని తగ్గింపదు.

మఱికొందఱు "అందఱికిని మన్నన చేసినచో గెలుపునకు విలువయేమి?" అందురు. ఈ సందేహము న్యాయమైనదే. కాని దీర్ఘ పందెము అందఱిని ఊరక మెచ్చుకొనదు. జపాను దేశీయుడగు హిరోము ఇనాడా అను వృద్ధుడు 2015లో హవాయియందు కొద్ది సెకండ్ల ఆలస్యముచే గడువు తప్పెను. ఎనుబదిరెండేండ్లవాడని ఎవరును ఆ సెకండ్లను ఆయనకు దానము చేయలేదు. ఆయన మరల అభ్యాసము చేసి, 2018లో, ఎనుబదియైదేండ్ల వయస్సున, 16 గంటల 53 నిమిషములలో ముగించెను. ఆ సెకండ్లు ఆనాడు దానమిచ్చియుండినచో ఈ గౌరవము ఆయనకు దక్కెడిదా? గడువు కఠినముగనే యుండవలయును. కాని గడువు ముగియువఱకు తాడు నిలిచియుండవలయును. మా వాదమంతయు ఇంతే.

కావున పాఠశాలాధికారులకు ఒక మనవి. వచ్చు క్రీడోత్సవమునుండి దూరపు పరుగులకు గడువు నిర్ణయింపుడు. 1500 మీటర్లకు పండ్రెండు నిమిషములనుకొందము. మొదటి ముగ్గురికి బహుమతులు యథాప్రకారముగ నిండు. గడువులోపల వచ్చిన ప్రతివారి కాలమును వ్రాసి, పేరు చదువుడు. ఒక చిన్న రిబ్బను గ్రుచ్చుడు. దీనికి ఖర్చు స్వల్పము. గెలిచినవారు గీతయొద్దనే నిలిచి కడపటివారికి నీరు అందింతురు గాక. తమ కాలము తాము తెలిసికొన్న పిల్లలకు మఱుసటి యేట ఒక నిమిషమైనను తగ్గింపవలయునను పట్టుదల కలుగును. ఇంట గెలిచి రచ్చ గెలువుమను పెద్దల మాటకు మాకు తోచిన అర్థమును ఇదియే. నిన్నటి తన్ను నేడు తాను గెలుచుట.

పౌలు అపొస్తలుడు తన జీవితమును పరుగుతో పోల్చి, దానిని కడముట్టించితినని సంతోషించెనే గాని, ఎందఱిని దాటితినో లెక్క చెప్పలేదు. మన ప్రార్థనామందిరమున పలుమాఱు విన్న ఆ మాటను మైదానమునకు కూడ తీసికొనిపోవుదము.

ఆ బాలిక యిప్పుడు పదవ తరగతి చదువుచున్నది. ఈ వ్యాసము ఆమె కంటబడినచో ఆమెకు మేము చెప్పునది ఒక్కటియే. అమ్మా, నీ పరుగు నీవు ముగించితివి. దానిని చూడకపోయినది మేము. వచ్చు క్రీడోత్సవమున పేరు ఇమ్ము. గడువు తీఱువఱకు ఆ తాడు ఒక కొనను మేమే పట్టుకొని నిలిచెదము.