సయనైడు దిబ్బల మీద మళ్ళీ కన్ను

కోలారు బంగారు గనుల పక్కగా బస్సులో పోయినవాళ్ళు ఆ దిబ్బల్ని చూసే ఉంటారు. దూరానికి కొండల్లా ఉంటాయి గాని కొండలు కావు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ, ఆ తర్వాత ప్రభుత్వమూ భూమిలోంచి రాయి తవ్వించి, పిండి చేయించి, బంగారం తీసుకుని పారబోసిన చెత్త అది. జనం సయనైడు దిబ్బలంటారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. కార్మికులు వీధిన పడ్డారు. దిబ్బలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎండాకాలం గాలి లేచిందంటే ఆ దుమ్మంతా కూలోళ్ళ ఇళ్ళలోకే.

ఇప్పుడా చెత్తకు గిరాకీ వచ్చింది. 13 దిబ్బల్లో సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల పిండి, అందులో 23 టన్నుల బంగారం ఉందని అంచనా. మళ్ళీ శుద్ధి చేయిద్దామన్న కేంద్రం ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. లెక్క వేసి చూడండి: గ్రాము బంగారానికి దాదాపు టన్నున్నర పిండి కదిలించాలి!

ఇంత పేద సరుకు నుంచి లోహం రాబట్టే చవక పద్ధతి ఒకటుంది. నేల మీద నీరింకని ప్లాస్టిక్ పట్టా పరిచి పిండిని గుట్టగా పోస్తారు. మరీ మెత్తనిదైతే నీళ్ళు దిగవు, కనుక సిమెంటో సున్నమో కలిపి ఉండలు కట్టిస్తారు. పైన పైపులు వేసి పల్చటి సోడియం సయనైడు నీళ్ళు చుక్కచుక్కగా వదులుతారు. మన బత్తాయి తోటల్లో డ్రిప్పు పైపుల్లాంటివే. ఆ నీళ్ళు వారాల తరబడి దిగి, బంగారాన్ని కరిగించుకుని అడుగున తేలతాయి. వాటిని బొగ్గు మీద పారించి బంగారం పట్టుకుంటారు. మిగిలిన నీళ్ళు తిరిగి గుట్ట మీదికే. రాగి గనుల చెత్తకైతే సయనైడు బదులు గంధకామ్లం.

చెప్పటానికి సులువే. సున్నం పాలు తగ్గితే విషవాయువు లేస్తుంది. పట్టా చిరిగితే విషం బావుల దారి పడుతుంది. సయనైడు ఎండకు, గాలికి కొన్నాళ్ళకు విరుగుతుందంటారు, నిజమే. రాతిలోని బరువు లోహాలు మాత్రం విరగవు.

రుమేనియాలో బయా మారే అనే ఊళ్ళోనూ ఇలాగే పాత గని చెత్తను సయనైడుతో కడిగి బంగారం తీశారు. 2000 జనవరి 30న వానకూ కరిగిన మంచుకూ చెరువు కట్ట తెగింది. లక్ష ఘనపు మీటర్ల విషపు నీళ్ళు తీసా నదిలో పడి డాన్యూబు దాకా పోయాయి. ఒక్క హంగరీలోనే 1,200 టన్నులకు పైగా చేపలు చచ్చాయి. మన కోలారు గనులకు దగ్గర్లోనే, బేతమంగళం వద్ద, పాలారు పారుతుంది. అది చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు పోతుంది.

దిబ్బలు తీయొద్దని మేమనటం లేదు. తీస్తే దుమ్ము పీడ పోతుంది, నాలుగు పనులొస్తాయి. అయితే ఆ పైపుల దగ్గర నిలబడేదెవరు? పురుగుమందు కొట్టే కూలీకి చేతి తొడుగులివ్వని దేశం మనది. కాంట్రాక్టరు రోజుకూలికి మనుషుల్ని దించి, ఎవరికేమైనా మర్నాడు పేరు కొట్టేస్తాడు. గని మూసినప్పుడు వీధిన పడ్డ కుటుంబాలకే ఈ పని, అదీ పర్మినెంటుగా ఇవ్వాలి. బంగారం తీసుకుని కంపెనీ పోతే విషం కడగటానికయ్యే సొమ్ము ముందే ప్రభుత్వ ఖాతాలో జమ కావాలి. చుట్టుపక్కల బావుల నీళ్ళు ఇప్పుడే, ఒక్క దిబ్బయినా కదలకముందే, పరీక్ష చేయించి, ఆ ఫలితాలు కన్నడం, తెలుగు, తమిళంలో పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి.