అచ్చుపడినదెల్ల ప్రమాణమా?

అచ్చుపడిన మాటనెల్ల ప్రమాణముగా గొనుట లోకమునకు చిరకాలపు టలవాటు. ఇంటర్నెట్టును నడపు నిబంధనపత్రముల విషయమునను ఈ యలవాటు ప్రబలియున్నది. ఇది విచారింపదగిన సంగతియని మా యభిప్రాయము.

ఈ పత్రములకు ఆర్.ఎఫ్.సి. యని పేరు. అభిప్రాయములు తెలుపుడను వినతియే దాని యర్థము. 1969వ సంవత్సరము ఏప్రిలు నెలలో స్టీవ్ క్రాకర్ అను విద్యార్థి మొదటిదానిని వ్రాసెను. నాటినుండి తొమ్మిదివేలకు పైగా వెలువడినవి. అన్నిటికిని పేరొక్కటే, వరుససంఖ్య యొక్కటే. హోదా మాత్రము వేరువేరు. కొన్ని ప్రమాణములు, కొన్ని ప్రతిపాదిత ప్రమాణములు, కొన్ని ప్రయోగములు, కొన్ని కేవలము సమాచారములు. 1990వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన వెలువడిన 1149వ పత్రము పక్షులచేత సందేశములను మోయించు విధమును తెలుపు పరిహాసము. దానికిని సంఖ్య కలదు!

కావున సంఖ్యను జూపినంతమాత్రమున సరకు మేలైనదని వర్తకుడు చెప్పిన, కొనువాడు నమ్మరాదు. ఈ భ్రమను పోగొట్టుటకే 1995లో 1796వ పత్రము ప్రకటింపబడెను. ఆర్.ఎఫ్.సి.లన్నియు ప్రమాణములు కావని దాని సారము. దానిని వ్రాసిన మువ్వురిలో ఆ క్రాకరుగారును ఒకరు.

అయినను హోదానే సర్వస్వమనుకొనుటయు పొరపాటే. వెబ్బుపుటలను మనకు తెచ్చియిచ్చు హెచ్.టి.టి.పి. 2022లో గాని పూర్ణప్రమాణ మనిపించుకొనలేదు. అంతకు ఎన్నియో యేండ్లకు పూర్వమే లోకమంతయు దానిని నమ్మి పని జరుపుకొనుచుండెను. ప్రతిపాదితమను మాటను జూచి దానిని త్రోసివేసినవాడు నష్టపడియుండును.

అన్నిటిని ఒకే వరుసలో నుంచుటను మేము తప్పుపట్టము. విద్యార్థి వ్రాసిన వినతియు, పండితులు పరిశోధించి స్థిరపరచిన నియమమును ప్రక్కప్రక్కన నిలిచినందుననే ఎవరైనను దేనినైనను ప్రశ్నింపగలుగుచున్నారు. అయితే ఆ స్వేచ్ఛకు వెలగా చదువరి జాగ్రత్త వహింపవలెను. ఒకసారి ప్రకటించిన పత్రమును మరల దిద్దరు. మార్పు కావలసిన క్రొత్త సంఖ్యతో వేరొకటి వెలువరింతురు. కనుక పాత పత్రము మొదటిపుటలోని హోదా నేటికిని చెల్లునని తలపరాదు. సంపాదకులు నిర్వహించు పట్టికలో దాని నేటి స్థితిని చూచుకొనవలెను.

విద్యార్థులారా, ఏ పత్రమునైనను ఎదుటివానికి చూపకమునుపు మూడు ప్రశ్నలు వేసికొనుడు: దీని హోదా యేమి? దీనిని పరీక్షించినవా రెవరు? దీని స్థానమున వేరొకటి వచ్చినదా? వీనికి జవాబు తెలిసికొనక సంఖ్యను మాత్రము వల్లించుట పాండిత్యము కానేరదు.