గల్ఫ్ రాయిని చదివే కొలువు మనకెందుకు కాదు?

ఇబ్రహీంపట్నం, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఏ ఊరికి పోయినా గల్ఫ్ సంగతి తెలియని ఇల్లు దొరకడం కష్టం. వీసాకు ఎంత అడుగుతున్నారు, ఏ కంపెనీలో జీతం సరిగ్గా ఇస్తరు, ఎండలో పని ఎట్లుంటది అన్నవి మనకు బడికి పోయే రోజుల నుంచే తెలుసు. కానీ మనోళ్లను ఇన్నేళ్లుగా అక్కడికి పిలుస్తున్న ఆ సంపద ఎక్కడిదంటే 'ఆయిల్' అనే ఒక్క మాటతో ఆగిపోతాం. ఆ ఆయిల్ ఏ రాయిలో ఉంది? ఆ రాయిని ఎవరు కట్టారు? దాన్ని చదివి బావి ఎటు తవ్వాలో చెప్పే ఉద్యోగం ఏది? డిగ్రీ పట్టా చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ల కోసం చూస్తున్న మీరు ఈ ప్రశ్నలు ఒక్కసారి వేసుకోండి.

జవాబు చిన్నదే. ఆ రాయి మనం వక్కాకుల్లో రాసుకునే సున్నానికి చుట్టం. జురాసిక్, క్రెటేషియస్ కాలాల్లో, అంటే సుమారు 20 కోట్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల కిందటి వరకు, అరేబియాలో చాలా భాగం టెథిస్ అనే సముద్రం అంచున ఉండేది. నీళ్లు వెచ్చగా, లోతు తక్కువగా, వెలుతురు అడుగు దాకా తగిలేలా ఉండేవి. అందులో సున్నం పోగేసుకునే నాచు జాతులు, గవ్వలు, పగడాలు, ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు బతికాయి. చచ్చిన కొద్దీ వాటి గుల్లలు అడుగున పేరుకున్నాయి. వందల కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న ఆ సున్నపు అరుగునే భూగర్భ శాస్త్రంలో కార్బొనేట్ ప్లాట్‌ఫామ్ అంటారు. రేణువుల మధ్య మిగిలిన సందుల్లోకి తర్వాత చమురు చేరింది. పైన అన్‌హైడ్రైట్ పొర మూతలా కమ్మింది.

1938లో సౌదీ దశ తిప్పిన దమ్మాం 7వ నంబరు బావిలో చమురు తగిలింది ఇలాంటి జురాసిక్ సున్నపురాయిలోనే. 1948లో బయటపడిన ఘవార్, దాదాపు 280 కిలోమీటర్ల పొడవున్న ప్రపంచపు అతి పెద్ద చమురు క్షేత్రం, దానిదీ అదే కథ. మన చిన్నాయనలు, మామలు కట్టిన రోడ్లకు, మేడలకు పెట్టుబడి వచ్చింది అక్కడి నుంచే.

ఇప్పుడు ఉద్యోగం సంగతికి వద్దాం. కిలోమీటర్ల లోతున బావి తవ్వుతున్నప్పుడు కింద ఏ పొరలో ఉన్నామో ఎట్ల తెలుస్తది? డ్రిల్లింగ్ బురదతో పాటు రాతి ముక్కలు పైకొస్తాయి. మెత్తటి రాయి అయితే కడిగి, జల్లించి, ఫోరామ్‌ల గుల్లలను మైక్రోస్కోప్ కింద ఏరుతారు. వీటిలో చాలావరకు ఒక మిల్లీమీటరు కన్నా చిన్నవే. గట్టి సున్నపురాయి అయితే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. అప్పుడు వెలుతురు రాయిలోంచి దాటి, లోపలి జీవుల అడ్డకోత కనిపిస్తుంది.

ఆ కోత రెండు విషయాలు చెబుతుంది. ఒకటి వయసు: ఒక్కో జాతి ఒక కాలంలో పుట్టి, ఒక కాలంలో అంతరించింది కాబట్టి అది ఉన్న పొరకు తేదీ వేయొచ్చు. రెండోది లోతు: డాసీక్లాడ్ అనే సున్నపు నాచుకు వెలుతురు కావాలి, కాబట్టి అది విరివిగా కనిపిస్తే అక్కడ లోతు తక్కువ నీళ్లని అర్థం. తేలియాడే ఫోరామ్‌లు ఎక్కువైతే అది బయటి సముద్రం. సౌదీలో క్రెటేషియస్ కాలపు షుఐబా సున్నపురాయిలో అడ్డంగా బావి తవ్వుతూ, ఈ జీవుల గుర్తులు చూసి డ్రిల్లు దిశ మార్చే పద్ధతిని వాడారు. దాని పేరు బయోస్టీరింగ్. చేతిలో స్టీరింగ్, కళ్ల ముందు శిలాజాలు!

మన నేల సంగతేంటి అంటారా? ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల గుట్టలు ఆర్కియన్ కాలపు రాళ్లు, సుమారు 250 కోట్ల ఏళ్లవి. అప్పటికి ఫోరామ్‌లు పుట్టనే లేదు. మన మండలం పక్క నుంచి పారే గోదావరి వెంట కిందికి పోతే కథ మారుతుంది. ప్రాణహిత-గోదావరి లోయలో కోటా సున్నపురాయి ఉంది. అది జురాసిక్ కాలపుదే, కానీ సముద్రంలో కాదు, మంచినీటి మడుగుల్లో ఏర్పడింది. ఆ కోటా పొరల్లోనే, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది.

ఇంకా కిందికి, రాజమండ్రి దాకా పోండి. దక్కన్ లావా అక్కడిదాకా వచ్చింది. ఇది పడమర నుంచి సుమారు 1000 కిలోమీటర్లు పారి వచ్చిందని, భూమ్మీద అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవేనేమోనని 2008లో ఒక పరిశోధన పత్రం వాదించింది. ఆ లావా పొరల మధ్య చిక్కిన సున్నపురాయిలో నాచు, ఫోరామ్‌ల శిలాజాలున్నాయి. 1930లలోనే ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు వాటిని పట్టుకుని దక్కన్ లావా వయసు తేల్చే పనికి దిగారు. 1937లో అక్కడి నాచు శిలాజాల మీద వియన్నా శాస్త్రవేత్త యూలియస్ పియాతో కలిసి పత్రం వెలువడింది. ఆ తర్వాత 2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లో, 2011లో కృష్ణా-గోదావరి బేసిన్‌లోని ఓఎన్‌జీసీ బావుల నమూనాల్లో ఫోరామ్‌లను చదివింది. డైనోసార్ల అంతానికి, దక్కన్ అగ్నిపర్వతాలకు ముడి ఉందని చెప్పింది. దీని మీద చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఒకటి గమనించండి: చమురు కోసం తవ్విన బావే చరిత్రకు సాక్ష్యం అయింది. చదివే కళ్లు ఒక్కటే, పని రెండు.

"ఇవన్నీ సరే అన్నా, ఏఐ వచ్చి ఈ పని కూడా తీసుకుపోదా?" అని మీరు అడగొచ్చు. నేను ఇంజినీరింగ్ చదివి టెక్నాలజీ మీద రాసేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు ఇష్టం. 2019లో 'ఎండ్‌లెస్ ఫోరామ్స్' పేరుతో 34,000కు పైగా ఫోరామ్ ఫొటోలతో ఒక డేటాసెట్ వచ్చింది. మెషీన్ లర్నింగ్ మోడల్ 87 శాతం దాకా జాతిని సరిగ్గా పట్టింది. కానీ అవి ఇప్పటి సముద్రపు గుల్లలు, విడివిడిగా శుభ్రంగా తీసిన ఫొటోలు. జురాసిక్ సున్నపురాయిలో గుల్ల బయటికి రాదు. అది ఏ కోణంలో తెగితే ఆ ఆకారమే కనిపిస్తుంది. ఒకే జీవి ఒక కోతలో గుండ్రంగా, ఇంకో కోతలో పుల్లలా ఉంటుంది. మోడల్‌కు నేర్పాలంటే ముందు లేబుల్ వేసే మనిషికి ఆ జీవి తెలిసుండాలి. పైథాన్ వచ్చినవాళ్లు గల్లీకి పది మంది ఉన్నారు. పైథాన్, రాయి రెండూ వచ్చినవాళ్లు ఎంతమంది? నా వాదన అక్కడే ఉంది.

అయితే తీపి మాటలు చెప్పి పంపడం నాకు నచ్చదు. ఈ ఫీల్డులో పోస్టులు తక్కువ, దారి పొడవు. యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్ట్ కావాలంటే జియాలజీ లేదా దాని అనుబంధ సబ్జెక్టులో పీజీ కావాలి. మామూలు బీటెక్ ఒక్కటే సరిపోదు. డిగ్రీలో జియాలజీ చదివినవాళ్లకు ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో పీజీ ఉంది. ఐఐటీల్లో సీటుకు జామ్ జియాలజీ పేపరు రాయాలి. గేట్‌లోనూ జియాలజీ, జియోఫిజిక్స్ పేపరు ఉంది. బీటెక్ వాళ్లను ఏ కోర్సు ఒప్పుకుంటుందో సంస్థను బట్టి మారుతుంది కాబట్టి కోచింగ్ ఫీజు కట్టేముందే అర్హత పేజీ చదవండి. ఆయిల్ రంగం ధరలతో పాటు లేస్తుంది, పడుతుంది. అందుకే ఒక్క చమురునే నమ్ముకోకండి. ఇదే చదువు భూగర్భ జలాలకు, వాతావరణ పరిశోధనకు, సిమెంటు గనులకు కూడా పనికొస్తుంది.

గల్ఫ్‌లో చెమటోడ్చిన మనోళ్ల కష్టం చిన్నది కాదు. ఆ కష్టంతోనే చాలామందిమి కాలేజీ గడప తొక్కినం. అదే గడ్డ మీదికి, అదే రాయి కోసం, రెండో తరం వేరే కుర్చీలో కూర్చోవడానికి పోవచ్చు గదా. ఎక్కువేం అక్కర్లేదు. ఈ వారం రెండు గంటలు తీసుకోండి. ఒక గంట జామ్ జియాలజీ సిలబస్ చదవండి, ఒక గంట ఆ ఫోరామ్ ఫొటోలు చూడండి. రెండూ బోర్ కొడితే ఈ దారి మీది కాదు, నష్టమేం లేదు. రెండో గంట తెలియకుండా మూడో గంట అయితే మాత్రం, నోటిఫికేషన్ లిస్టులో ఇంకో పేరు చేర్చుకోండి.